పుంటికూర మడిలో కందిరీగలు: ఆరు వారాల ప్రాజెక్టు డైరీ

మాది సెంట్రల్ న్యూజెర్సీ. వంటింటి తలుపు తీస్తే డెక్కు, డెక్కు దిగితే మూడు కూరగాయల మడులు. ఒక్కోటి ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, చుట్టూ చెక్కల కట్టు. మొదటిదాంట్లో టమాటా, మిర్చి. మూడోదాని మీద బీర పందిరి. నడిమి మడి నిండా పుంటికూర, అంచున వరుసగా బంతి. పుంటికూర అంటే గోంగూరే. మేం కరీంనగర్ వాళ్లం, మా నోటికి ఆ పేరే అలవాటు. బంతేమో బతుకమ్మ కోసం. అమ్మ మే నెలలో వచ్చింది, అక్టోబరు దాకా ఉంటుంది. మడులకు అసలు యజమాని ఆవిడే, నేను నీళ్ల పైపు పట్టే జీతగాణ్ని.

ఆగస్టు 17, ఆదివారం

మూడు రోజుల నుంచి అమ్మ చెప్తూనే ఉంది. "నడిమి మడి కాడ ఈగలు మస్తు తిరుగుతున్నయి బిడ్డా, జర సూడు." ఆఫీసు కాల్‌లో ఉండి సరే సరే అన్నాను. ఈగలే కదా అనుకున్నాను.

ఇవాళ పొద్దున మడి చుట్టూ పెరిగిన గడ్డిని ట్రిమ్మర్‌తో కొడుతున్నాను. మూలకు వెళ్లి పది సెకన్లు కాలేదు, మడమ మీద నిప్పు పెట్టినట్టయింది. ముల్లేమో అని వంగేలోపు మోకాలి వెనక ఇంకోటి, మెడ మీద మూడోది. ట్రిమ్మర్ అక్కడే పడేసి ఒకటే పరుగు. నా వెనకే రెండు వంటింట్లోకి కూడా వచ్చాయి. వాటిని మా పాప మ్యాథ్ పుస్తకంతో కొట్టింది. ఆ పుస్తకం ఈ మధ్య వాడగా చూడటం అదే మొదలు.

తేనెటీగ అయితే ఒకసారి కుట్టి, ముల్లు మన ఒంట్లో వదిలేసి తను చస్తుంది. కందిరీగ అలా కాదు, ఒక్కటే నాలుగైదుసార్లు కుట్టగలదు. పైగా కుట్టినప్పుడు విషంతోపాటు ఒక వాసన వదులుతుంది, దానికి మిగతావన్నీ రెచ్చిపోయి అక్కడికే వస్తాయి. అందుకని నిలబడి చేతులు విసరడం దండగ. పారిపోవడమే పని.

సబ్బుతో కడిగి, ఐసు పెట్టి, అలర్జీకి ఒక సెట్రిజిన్ మాత్ర వేసుకున్నాను. అమ్మ మాత్రం ఇనుము రుద్దాల్సిందే అంది. ఇంట్లో ఉన్నదంతా స్టీలు, నాన్‌స్టిక్కు. వెతికి వెతికి దోసెల పెనం పట్టుకొచ్చింది. నలభై రెండేళ్ల మనిషిని, దోసెల పెనంతో మెడ రుద్దించుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ ఎదురుగా కూర్చుని అరగంటసేపు నా ముఖమే చూసింది. పెదాలూ నాలుకా వాస్తున్నాయా, ఒళ్లంతా దద్దుర్లు లేస్తున్నాయా, ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని. వాటిలో ఏ ఒక్కటి కనబడినా ఇక ఆలోచన ఉండకూడదు, 911 కొట్టడమే. నా అదృష్టం, కాలు బూరెలా పొంగడంతో సరిపోయింది.

ఆగస్టు 19, మంగళవారం

ఇవేంటో తేల్చుకోవాలి. జులైలో డ్రైవ్‌వే పక్క ఇసుకలో పెద్ద పెద్ద కందిరీగలు బొరియలు తవ్వాయి. ఒక్కోటి బొటనవేలంత ఉండేది. వాటిని ఇక్కడ సికాడా కిల్లర్లు అంటారు. చెట్ల మీద గీపెట్టే సికాడాలను కుట్టి, కదలకుండా చేసి, బొరియలోకి ఈడ్చుకెళ్లి పిల్లలకు మేతగా పెడతాయి. చూస్తే గుండె ఝల్లుమంటుంది గానీ అవి మన జోలికి రావు. వాటికి గుంపు లేదు, ఒక్కో ఆడదానికి ఒక్కో బొరియ, బొరియ ముందు కుప్పగా మట్టి. మొదట నేను మడిలోవి కూడా అవే అనుకున్నాను.

సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని, మడికి పదిహేనడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూశాను. ఇవి చిన్నవి, అర అంగుళం దాటవు. నిగనిగలాడే ఒళ్లు, పసుపూ నలుపూ చారలు, సన్నటి నడుము. మడి మూలలో చెక్కకు ఆనుకుని రూపాయి బిళ్ల పట్టేంత కంత. దాని ముందు మట్టికుప్ప లేదు. అన్నీ ఆ ఒక్క కంతలోంచే పోతున్నాయి, వస్తున్నాయి. నిమిషానికి ఎన్నో లెక్కబెట్టాను: 38. బయటికొచ్చే వాటిలో కొన్ని నోట్లో ఆవగింజ కంటే కాస్త పెద్ద మట్టి ఉండ పట్టుకుని వచ్చి, నాలుగడుగులు ఎగిరాక జారవిడిచి పోతున్నాయి. లోపల గూడు పెరుగుతున్న కొద్దీ గోడలు తవ్వి జాగా చేసుకుంటున్నాయన్నమాట. కంత ముందు కుప్ప లేకపోవడానికి కారణం అదే, మట్టిని దూరంగా పారబోస్తున్నాయి.

సందేహం లేదు, ఎల్లోజాకెట్లు. ఇక్కడ నేలలో గూడు కట్టేవాటిలో ఎక్కువగా కనబడేది వెస్పులా మాక్యులిఫ్రాన్స్ అనే జాతి. మా ఊళ్లో అయితే ముందూ వెనకా చూడకుండా కందిరీగ అంటాం.

ఆగస్టు 21, గురువారం

రెండు రాత్రులు చదివాక తెలిసిందేమిటంటే, ఈ గూటికి ఆయుష్షు ఒక్క ఏడే. చలికాలం దాటి బతికేది కొత్త రాణులు మాత్రమే. వసంతంలో ఒక్క రాణి ఒంటరిగా తిరిగి, ఎలకో చుంచో వదిలేసిన బొరియ చూసుకుని, చెక్కను నమిలి కాగితంలా చేసి, గోలీలంత గూడు మొదలుపెడుతుంది. మొదటి కాపు కూలీ కందిరీగలు ఎదిగాక రాణి ఇక బయటికి రాదు, గుడ్లు పెట్టడమే దాని పని. ఆగస్టు చివరా సెప్టెంబరూ వచ్చేసరికి గూట్లో జనం వేలల్లోకి చేరతారు. గట్టి మంచు పడితే అంతా చచ్చిపోతుంది. ఆ గూడులోకి మళ్లీ ఏదీ రాదు.

అంటే ఏమీ చేయకుండా ఆ మంచు పడేదాకా ఆగితే చాలు. గూడు దూరంగా కంచె మూల ఉంటే నేనూ ఆగేవాణ్ని. ఇవి చెడ్డవి కూడా కాదు, క్యాబేజీ పురుగులను ముక్కలు చేసి పట్టుకుపోవడం నేనే చూశాను. "పురుగులను తింటున్నయి గదా, ఉండనీయరాదు" అని అమ్మ కూడా అంది. కానీ మడి వంటింటి గుమ్మంలో ఉంది. అమ్మ రోజూ అందులోనే వంగి ఆకు కోస్తుంది. బతుకమ్మకు బంతిపూలు కావాలి. సెప్టెంబరు ముదిరేకొద్దీ వీటికి తీపి పిచ్చి పట్టడం ఇంకో గొడవ. గూట్లో పిల్లపురుగులు వదిలే తియ్యటి ద్రవమే పెద్దవాటికి ఆహారం. పిల్లలు తగ్గేకొద్దీ అది దొరక్క, మన జ్యూసు గ్లాసుల మీదికి వస్తాయి.

ఏ మందు వాడాలన్నది అసలు చిక్కు. కంతలో చల్లే పొడిమందులు బాగా పనిచేస్తాయంటారు. హోమ్ డిపో దుకాణంలో రెండు డబ్బాల వెనక ఉన్న చిన్న అక్షరాలన్నీ నిలబడి చదివాను. కూరగాయల మడిలో వాడొచ్చని ఒక్కదాని మీద కూడా లేదు. ఇక్కడ లేబుల్ మీద రాసినట్టు కాకుండా పురుగుమందు వాడటం చట్టరీత్యా తప్పు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ ఆకునే పప్పులో వేసుకునేది మేమే. ఇరవై అడుగుల దూరం నుంచి కొట్టే స్ప్రేలు చూరుకు వేలాడే గూళ్లకు పనికొస్తాయి, వంకర తిరిగిన సొరంగంలో గూటిదాకా పోవు. వాట్సాప్‌లో ఒక మిత్రుడు పెట్రోలు పోయమన్నాడు. నేల పాడు, మడి పాడు, నిప్పురవ్వ పడితే ఇల్లే పాడు. ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీకి ఫోన్ చేస్తే 275 డాలర్లన్నారు. తినే కూర ఉంది, ఏ మందు వేస్తారని అడిగితే "ఏం కాదు సార్" అన్నారు. పేరు చెప్పమన్నాను, చెప్పలేదు. పెట్టేశాను.

ఆగస్టు 22, శుక్రవారం రాత్రి. మొదటి ప్రయత్నం: మరిగే నీళ్లు

రాత్రి తొమ్మిదిన్నర. చీకటి పడ్డాక పోయినవన్నీ గూటికి చేరతాయి, కుట్టే ఓపికా తక్కువే. నా వేషం: స్నో జాకెట్, జీన్స్ పాదాలు సాక్సుల్లోకి దూర్చి పైన డక్ట్ టేపు, నాన్న మంకీ క్యాపు, పాప ఈతకొట్టే కళ్లద్దాలు, గిన్నెలు తోమే గ్లౌజులు. బయట 24 డిగ్రీలు, లోపల నేను ఉడికిపోతున్నాను. టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టాను, ఎరుపు వీటికి సరిగ్గా కనబడదట.

బిర్యానీ గిన్నెలో నీళ్లు మరిగించి, గిన్నెల సబ్బు కలిపి, రెండు విడతలుగా ఇరవై లీటర్ల దాకా పోశాను. లోపలినుంచి రేడియో స్టేషన్ దొరకనప్పుడు వచ్చే గరగరలాంటి మోత. తర్వాత చప్పుడు లేదు. గెలిచాననుకున్నాను.

ఆగస్టు 26, మంగళవారం

గెలవలేదు. శనివారం లెక్క 9కి పడింది, ఆదివారం 14, ఇవాళ 27. గూడు కంతకు సూటిగా కింద లేదు. సొరంగం పక్కకు తిరిగి ఎక్కడికో పోయింది, నీళ్లేమో మెత్తటి మట్టి ఎటు దారిస్తే అటు ఇంకిపోయాయి. కాలిపోయింది కూలీలే, గూటికి తగిలినట్టు లేదు. తగిలింది మాత్రం రెండు పుంటికూర మొక్కలకు. వేళ్లు ఉడికి నిలువునా వాలిపోయాయి. అమ్మ వాటిని పీకి చేత్తో పట్టుకుని, "పప్పుల ఏసి ఉడకబెట్టాలె గని, మట్టిల ఉడకబెడితివేందిరా" అంది. రేపు వినాయక చవితి. నైవేద్యానికి పుంటికూర పచ్చడి అక్కర్లేదు కాబట్టి బతికిపోయాను.

ఆగస్టు 29, శుక్రవారం రాత్రి. రెండో ప్రయత్నం: గాజు గిన్నె

తోటలకు, సాగుకు సలహాలిచ్చే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒక పెద్దావిడ ఓపిగ్గా మాట్లాడింది. గాజు గిన్నె సంగతి ఆవిడే చెప్పింది. రాత్రి కంత మీద పారదర్శకమైన గిన్నె బోర్లించి అంచులు మట్టితో మూసేయాలి. తెల్లారాక లోపలివి వెలుతురు చూసి బయటపడ్డామనుకుని గాజుకే కొట్టుకుంటాయి, కొత్త దారి తవ్వుకోవాలన్న ఆలోచన రాదు. మేత లేక రెండు మూడు వారాల్లో గూడు పడిపోతుంది. పెట్టేసేముందు ఆవిడ ఒకటి అడిగింది: కంత ఒక్కటేనా?

ఒక్కటే అన్నాను. పది రోజులు చూశానుగా అన్న ధీమా.

మా ఆవిడ పైరెక్స్ గిన్నె అడిగి మరీ తీసుకున్నాను. "అది మళ్లీ వంటింట్లోకి రాదు" అని చెప్పి ఇచ్చింది.

ఆగస్టు 31, ఆదివారం

గాజులోంచి చూడటం భలేగా ఉంది. మొదటి పొద్దు యాభై దాకా ఎగిరెగిరి గాజుకు తగిలి జారిపడ్డాయి. రాత్రి బయట ఉండిపోయినవి గిన్నె చుట్టూ నడుస్తూ, కంత కళ్లముందే ఉన్నా చేరలేక తిరుగుతున్నాయి. గాజుకు లోపలొకటి, బయటొకటి ఎదురెదురుగా నిలబడి మీసాలు ఆనించడం చూశాను. కాసేపు చేసిన పనికి సిగ్గేసింది.

ఇవాళ మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ. ఇంత తొందరగానా అనుకున్నాను. సాయంత్రం పొద్దు వాలుతుంటే గడ్డిలో బోర్లా పడుకుని సూర్యుడికి ఎదురుగా మడిని చూశాను. ఎదురెండలో వాటి రెక్కలు నిప్పురవ్వల్లా మెరుస్తాయి, దారి గీత గీసినట్టు కనబడుతుంది. ఆ రవ్వలన్నీ బంతి మొక్కల వెనక్కి దిగుతున్నాయి. మడి చెక్కకూ నేలకూ మధ్య రెండు వేళ్ల సందు. రెండో కంత, మొదటిదానికి రెండున్నర అడుగుల దూరంలో. ఇన్నాళ్లూ నేను కుర్చీ వేసుకున్న చోటు నుంచి అది కనబడదు, బంతులు అడ్డం. ఎక్స్‌టెన్షన్ ఆవిడకు నేను చెప్పింది నేను చూసినంత వరకే.

సెప్టెంబరు 7, ఆదివారం. మూడో ప్రయత్నం: వాక్యూమ్

చెక్క కింది సందు మీద గిన్నె కూర్చోదు. మట్టితో మూస్తే రాత్రికి రాత్రే తవ్వేస్తాయి, మంగళవారం అదీ అయింది. గరాజులో తడిపొడి రెండిటికీ పనికొచ్చే షాప్ వాక్యూమ్ ఉంది. కందిరీగ విషానికి అలర్జీ ఉన్నవాళ్లకు ఇచ్చే ఇంజెక్షన్ల తయారీకి ఈ పురుగులే కావాలి. వాటిని పట్టేవాళ్లు కూడా వాక్యూమ్‌తోనే పడతారని చదివాక నాకు ధైర్యం వచ్చింది.

ఏర్పాటు ఇలా. కాగితం ఫిల్టర్ తీసేసి, తొట్టిలో రెండంగుళాల సబ్బునీళ్లు. పైపుకు ఇంకో పైపు తగిలించి పొడవు పెంచాను. రాత్రి వేషం వేసుకుని వెళ్లి పైపు మూతి రెండో కంతకు మూడంగుళాల దూరంలో పెట్టి, కదలకుండా రెండు ఇటుకలు ఆనించాను. మొదటి కంత మీద గాజు గిన్నె అలాగే ఉంది. వైరు డెక్కు మీదికి లాగి, పొద్దున తొమ్మిదింటికి డెక్కు మీదనుంచే స్విచ్ వేశాను.

బయటికొచ్చేది రెక్క విప్పేలోపు ఫట్. దిగేది ఫట్. పైపులో ఒక్కో పురుగు పోతుంటే పప్పులో పోపు చిటపటలాడినట్టు చప్పుడు. మోతకు రెచ్చి గుంపుగా బయటికొచ్చినవి కూడా అదే దారిన లోపలికి. పది నిమిషాలకు అమ్మ కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. రెండు గంటలు నడిపాను. పక్కింటాయన కంచె మీదుగా తొంగిచూసి, విషయం విని, తన ఇయర్‌ప్లగ్గులు చూపించి వెళ్లాడు. ఆపేముందు పైపు మూతికి గుడ్డ కుక్కాలి, లేకపోతే బతికున్నవి వెనక్కి నడిచొస్తాయి.

సాయంత్రం తొట్టి వంపి పాత చిల్లుల గిన్నెలో వడకట్టి లెక్కబెట్టాను. 412.

సెప్టెంబరు 14, ఆదివారం

నిన్న 163, ఇవాళ 58. ఇంకా వస్తున్నాయంటే లోపల మూతలు వేసిన గదుల్లోంచి రోజూ కొత్తవి పుడుతున్నాయి, రాణి క్షేమంగా ఉంది. కానీ మేత తెచ్చేవాళ్లు లేరు. బుధవారం నిమిషానికి లెక్క 3. అమ్మ దూరం నుంచి కర్ర కొక్కెంతో బంతిపూలు వంచి కోయడం మొదలుపెట్టింది. వద్దన్నా వినదు.

సెప్టెంబరు 20, శనివారం

పొద్దున ఆరింటికి అమ్మ లేపింది. "ఎవడో గడ్డపారతోని తవ్విండురా." కిటికీ తీయగానే వాసన కొట్టింది, చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది. స్కంక్. పిల్లి సైజు, నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టె, న్యూజెర్సీ పెరళ్లలో రాత్రిపూట తిరిగే జంతువు. కందిరీగల పిల్లపురుగులంటే దానికి ప్రాణం. డెక్కు కెమెరాలో చూస్తే రెండూ నలభైకి వచ్చింది. ముందుకాళ్లతో తవ్వుతుంది, ఆగి ముఖం తుడుచుకుంటుంది, మళ్లీ తవ్వుతుంది. నెల క్రితమైతే ఆ గుంపు దాన్ని దగ్గరికి రానిచ్చేదా అన్నది నా అనుమానం. కాపలా కాసేవాళ్లలో ఆరు వందల పైన నా తొట్టిలో పడ్డారు మరి.

బంతి వరుసలో అడుగు లోతు గొయ్యి. చుట్టూ గూడు తునకలు. వేషం వేసుకుని వెళ్లి పట్టకారుతో ఏరాను. పై పొర లేత గోధుమరంగు కాగితం, చారలు చారలుగా ఉంది, ముట్టుకుంటే అప్పడంలా రాలిపోతోంది. లోపల గదులతో నిండిన పళ్లేల్లాంటి అరలు ఒకదాని కింద ఒకటి, మధ్యమధ్య అగ్గిపుల్ల మందాన కాగితపు కాళ్లు. గదుల నోళ్లన్నీ కిందికే. స్కంక్ సగానికి పైగా తినేసింది, టిఫిన్ ప్లేటంత ఒక్కటి మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. కొన్ని గదుల్లో బియ్యపు గింజలాంటి తెల్లటి పిల్లలు తలకిందులుగా అతుక్కుని ఉన్నాయి. కొన్నిటికి పట్టు దారంతో అల్లిన తెల్లటి మూతలు. చేతిలో పట్టుకుని చూస్తుండగానే ఒక మూత కదిలింది. అంచు చుట్టూ కొరుక్కుంటూ, ముందు మీసం, తర్వాత ఒక కన్ను, పసుపు ముఖం. బయట ఏం జరిగిందో దానికి తెలియదు. కాలానికి పుట్టానన్నట్టు వచ్చి, మీసాలు తుడుచుకుంది.

రాణి కనబడలేదు. మిగిలిన పాతిక దాకా గోతి అంచున గుమిగూడి ఉన్నాయి. చీకటి పడ్డాక ఒక్క బకెట్ సబ్బునీళ్లు పోశాను. గూడు తెరిచి ఉంది కాబట్టి ఈసారి అదే సరిపోయింది.

సెప్టెంబరు 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. కొక్కెం లేకుండా, మడిలో వంగి, అమ్మ గంపెడు బంతి కోసింది. గోతి చుట్టూ మూడు నాలుగు ఇంకా తిరుగుతున్నాయి గానీ వాటికి కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు, ఎవరినీ పట్టించుకోలేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

వారంగా ఒక్కటీ లేదు. గొయ్యి పూడుస్తుంటే గూడు ఉన్న గుంట పక్కన పాత చుంచు బొరియ కనబడింది, మడి చెక్క కిందుగా వచ్చి తేలింది. అంటే రెండు కంతలూ చుంచు చేసినవే, రాణి ఏప్రిల్లో వచ్చి, వేరేవాళ్లు కట్టిన ఇంట్లో అద్దెకు దిగినట్టు దిగింది. చెక్క కింద చుట్టూ అర అంగుళం కళ్ల ఇనుప జాలీ వేసి, మట్టి తొక్కేశాను. మొదటి మడికీ మూడోదానికీ వచ్చే వారం. ఏప్రిల్, మే నెలల్లో నేలకు జానెడు ఎత్తులో ఒంటరిగా, కంతలు వెతుక్కుంటూ తిరిగే పెద్ద కందిరీగ కనబడితే అది రాణే. ఆ వేళకు కుర్చీ బంతుల అవతలి వైపు వేయాలని క్యాలెండరులో రాసుకున్నాను.

ఆ పళ్లేన్ని పాప బడికి తీసుకెళ్తానంది. మూతల కింద ఇంకేమైనా బతికుంటే క్లాసులో బయటికొస్తాయని జిప్పు కవర్లో కట్టి రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టాను. మా ఆవిడ కవరు మీద నల్ల మార్కర్‌తో "తినేది కాదు" అని రాసింది. కింద అమ్మ కోసం ఇంకో లైను: "అత్తమ్మా, ఇది పుంటికూర కాదు."